నాటిన పిల్లలు మళ్లీ గుట్ట ఎక్కాలంటే

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక చిన్న పట్టణం. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తాను. ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్ బాధ్యత కూడా నాదే. ఊరి పక్కన పదిహేనెకరాల గుట్ట ఉంది. ఒకప్పుడు దాని నిండా మోదుగ, రేల, తునికి చెట్లు ఉండేవని పెద్దవాళ్లు అంటారు. ఇప్పుడు ఎక్కువ భాగం బయటి దేశాల నుంచి వచ్చి పాకిన సర్కారు తుమ్మ, లాంటానా, వయ్యారిభామే. మన నేల చెట్లను మళ్లీ తెద్దామని పంచాయతీ తీర్మానం తీసుకుని పని మొదలుపెట్టాం. పోయిన జూలైకి ముందు జూలైలో 120 మంది వచ్చి ఒక్క రోజులో 600 మొక్కలు నాటారు. నర్సరీ వాళ్లు ఇచ్చినవే నాటాం, వాటిలో సగం గుల్‌మొహర్, కోనోకార్పస్. వేసవి దాటేసరికి 40 కూడా మిగల్లేదు. ఇప్పుడు ఆదివారం పనికి ఎనిమిది మంది వస్తే గొప్ప. సగం మంది సర్టిఫికెట్ కోసం పేరు రాయించుకున్నవాళ్లే. అమ్మాయిలు రెండు వారాలు వచ్చి మానేస్తున్నారు. లీడర్ ఎవరన్న దానిమీద ఇద్దరు అబ్బాయిలు గొడవపడి రెండు గ్రూపులయ్యారు. గొర్రెలు, మేకల మందలు మాకు ఇంకో సమస్య. ఈమధ్య హైదరాబాద్ కంపెనీ ఒకటి ఫోన్ చేసింది. వచ్చే జూలైలో 200 మంది ఉద్యోగులు వచ్చి ఒకే రోజు వెయ్యి మొక్కలు నాటతారట, ఖర్చంతా వాళ్లదేనట. ఒప్పుకోవాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వదిలేయమంటారా?
– ఒక లెక్చరర్

సమాధానం: వదిలేయవద్దు మేడమ్. కానీ పనిని బాగా తగ్గించండి. పదిహేనెకరాల గుట్టను ఒకేసారి చేతుల్లోకి తీసుకున్నారు. దానికి సరిపడా మనుషులు మీ దగ్గరే కాదు, ఎవరి దగ్గరా ఉండరు. ఈ ఏడాదికి ఒక్క ఎకరం పెట్టుకోండి. మిగతా పద్నాలుగెకరాలకు అగ్గి అంటకుండా చూసుకుంటే ప్రస్తుతానికి చాలు.

ఇది ఫిబ్రవరి. మోదుగలు పూసే కాలం. ఆకులన్నీ రాలి, పూలు మాత్రమే ఉంటాయి కాబట్టి గుట్ట మీద ఎక్కడ ఒక్క మోదుగ మిగిలి ఉన్నా కింది నుంచే కనిపిస్తుంది. ఈ నెలలో పిల్లలకు మీరివ్వాల్సిన మొదటి పని వాటిని వెతకడం. పార, గడ్డపార ఏవీ వద్దు. నోటుబుక్కు, ఫోను, వెంట ఊరి పెద్దమనిషి ఒకరు ఉంటే చాలు. గొర్రెలు కాసేవాళ్లయితే మరీ మంచిది. మోకాలెత్తు కూడా లేకుండా గుబురుగా పెరిగిన మోదుగ పిలకలు, తునికి పిలకలు, నరికిన మొద్దుల నుంచి వచ్చిన చిగుళ్లు, కంపలో ఇరుక్కున్న రేగు, బలుసు, కలివి, పరికి పొదలు, బండల సందుల్లో బోద గడ్డి, ఇలా బతికి ఉన్న ప్రతిదాన్నీ రాసుకోవాలి. మన ఆకురాల్చే అడవి చెట్లలో చాలావాటికి నరికినా, కాల్చినా, మేసినా వేరు చావదు. తునికి, మోదుగ వేళ్ల నుంచే పిలకలేస్తాయి. ఏటా మేకలు కొరికి, మంట తగిలి పొట్టిగా ఉండిపోయిన ఆ పిలక కింద పదేళ్ల వేరుండవచ్చు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకు కవరులో పట్టినంతే వేరుంటుంది. ఆ రెండింటిలో మే నెలను ఏది తట్టుకుంటుందో బోటనీ చెప్పే మీకు నేను చెప్పక్కర్లేదు. పిల్లలకు మాత్రం ఈ సంగతి ఒక మొద్దు దగ్గర కూర్చోబెట్టి చూపించండి. గుట్ట మీద వాళ్లకున్న ఆలోచనే మారిపోతుంది.

ఇలా నిలబడిన అడవి మనకు మరీ దూరంలో లేదు. పాత అనంతపురం జిల్లాలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో కల్పవల్లి అనే చోటుంది. టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ తోడుగా అక్కడి ఊళ్లవాళ్లు 1990ల మొదట్లో పని మొదలుపెట్టి, 7,000 ఎకరాలకు పైగా బంజరును కాపాడుకున్నారు. విత్తనాలు చల్లారు, కొంత నాటారు. కానీ ఎక్కువ శ్రమ పెట్టింది మంటలు రాకుండా, మేత హద్దు దాటకుండా కాపలా కాయడం మీదే. అక్కడ కురిసే వాన మన పాలమూరు వానకంటే ఎక్కువేమీ కాదు. వీలైతే మీ వాళ్లలో పదిమందిని అక్కడికి తీసుకెళ్లండి. స్టేజీ మీద ఎన్ని ఉపన్యాసాలు ఇప్పించినా, ఆ చోటును చూసి వచ్చినదానికి సాటి రాదు.

ఎకరం ఎక్కడ ఎంచుకోవాలి? అన్నిటికంటే ఎక్కువ కంప ఉన్నచోట మొదలుపెట్టాలని అందరికీ అనిపిస్తుంది. అక్కడ చేసిన పని కంటికి కనిపిస్తుంది, ఫొటో బాగా వస్తుంది. దయచేసి అక్కడ మొదలుపెట్టవద్దు. 1960లలో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో జోన్ బ్రాడ్లీ, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్లు తమ ఇంటి దగ్గరి అడవిలో కలుపు తీస్తూ ఒక పద్ధతి పట్టుకున్నారు. సొంత నేల మొక్కలు ఎక్కువగా, బాగా ఉన్న చోట మొదలుపెట్టి మెల్లగా కలుపు వైపు జరగాలి, మట్టిని వీలైనంత తక్కువ కదపాలి, ఖాళీ అయిన చోటును సొంత మొక్కలు ఎంత వేగంగా నింపుతున్నాయో చూసి అంతే వేగంతో ముందుకెళ్లాలి. స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు కొద్దిమందే ఉన్నప్పుడు ఇంతకంటే సరిపడే పద్ధతి నాకు తెలియదు. జేసీబీతో ఒక్క రోజులో కంపంతా లేపేస్తే మొదటి వానకే ఆ ఖాళీ నేల వయ్యారిభామతో నిండిపోతుంది. అది చూశాక పిల్లలు మళ్లీ గుట్ట ఎక్కమన్నా ఎక్కరు.

సర్కారు తుమ్మను పైన నరికితే పది కొమ్మలేసుకుని లేస్తుంది. నేల లోపలికి తవ్వి వేరు బుడిపెతో సహా తీయాలి. మట్టిలో అయితే గడ్డపారతో అవుతుంది, బండ సందుల్లో కాదు. జోధ్‌పూర్ కోట పక్కన రావ్ జోధా పార్కులో 2006లో ఇదే చిక్కు వచ్చింది. బండలో దిగిన సర్కారు తుమ్మ వేళ్లు ఎవరికీ లొంగలేదు. చివరికి రాయి కొట్టే పనివాళ్లను పిలిపించారు. బండను ఎక్కడ కొడితే ఎలా విడుతుందో తెలిసిన ఆ పనివాళ్లు ఉలి, సుత్తితోనే వేళ్లు తీశారు. మీ చుట్టుపక్కల వడ్డెర కుటుంబాలు తప్పకుండా ఉంటాయి. కూలి ఇచ్చి ఇద్దర్ని పెట్టుకోండి, మీ పిల్లలకు పని నేర్పమనండి. నరికిన కంపను పొయ్యిలోకి ఆ చుట్టుపక్కలవాళ్లకే వదిలేయండి. ఇన్నాళ్లూ ఆ గుట్ట మీదే కట్టెలు ఏరుకున్నవాళ్లు వాళ్లు. వాళ్ల కట్టెలు తీసేసుకుని పర్యావరణం గురించి చెప్తే ఎవరూ వినరు.

లాంటానాకు ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సి.ఆర్.బాబు బృందం చూపిన పద్ధతి ఉంది. పొదను పీకొద్దు, పైన కొట్టొద్దు. తల్లివేరును నేలకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల లోపల నరికి, పొదను తలకిందులుగా ఎత్తి పెట్టి ఎండనివ్వాలి. అలా చేస్తే మట్టి చెదరదు, మళ్లీ చిగురు రాదు. ఆ తర్వాత రెండు మూడేళ్లు, పిట్టలు తిని వేసిన గింజల నుంచి మొలిచే పిల్ల లాంటానాను పీకుతూ ఉండాలి. ముఖ్యంగా పిట్టలు వాలే చెట్ల కింద చూడాలి. ఈ పీకే పని స్కూలు పిల్లలు కూడా చేయగలరు. వయ్యారిభామ మాత్రం వాళ్ల చేత పీకించవద్దు. దానివల్ల చర్మానికి దద్దుర్లు, కొందరికి ఆయాసం వస్తాయి. పెద్దవాళ్లే చేతులకు గ్లవుజులు, నిండు చేతుల చొక్కా, మూతికి గుడ్డ కట్టుకుని, వాన పడి నేల మెత్తబడినప్పుడు, పూత రాకముందే పీకాలి. ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ రోజు వేరే పని ఇవ్వండి.

ఇక మనుషుల సంగతి. మీ బాధంతా అక్కడే ఉంది.

ఎకరానికి నలభై గుంటలు. నాలుగు గుంటలకు ఒక జట్టు, జట్టుకు ఐదుగురు. అంటే యాభై మందితో ఎకరం నిండిపోతుంది. 120 మంది అక్కర్లేదు. ప్రతి జట్టుకూ హద్దు చూపించి, నాలుగు మూలలా రాళ్లకు సున్నం పూసి, ఈ చోటు రెండేళ్లు మీది అని చెప్పండి. అందులో ఏముందో జాబితా రాయడం, ఏది తీయాలో ఏది ఉంచాలో తేల్చడం, ఏం నాటాలో అడగడం, వేసవిలో నీళ్లెవరు పోస్తారో పంచుకోవడం అన్నీ జట్టే చేయాలి. మీరు తప్పొప్పులు చూస్తే చాలు. ఇప్పుడు మీ దగ్గర జరుగుతున్నది వేరు. పిల్లలు వస్తారు, మీరు చెప్పిన గుంత తవ్వుతారు, వెళ్తారు. వచ్చే వారం ఇంకో గుంత. తను పోయిన వారం తవ్విన గుంతలో ఏమైందో కూడా తెలియని చోటికి ఏ ఇరవై ఏళ్ల కుర్రాడూ ఆదివారం పొద్దున్నే లేచి రాడు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు.

సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్ల మీద మీకు కోపం ఉన్నట్టుంది. దాన్ని పక్కన పెట్టమని అడుగుతున్నాను. మీ కాలేజీలో చాలామంది ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లయి ఉంటారు. వాళ్లకు ఆ కాగితం అవసరం. అడగడం వాళ్ల హక్కు. ఎన్‌ఎస్‌ఎస్ నియమం ప్రకారం రెండేళ్లలో 240 గంటలు, అంటే ఏడాదికి 120 గంటలు పని చేయాలి. ఆ గంటల లెక్కను మీకు పనికొచ్చేలా వాడుకోండి. గుట్ట మీద తవ్వినవే గంటలు కావు. విత్తనాలు ఏరడం, కాలేజీ వెనక నర్సరీలో కవర్లు నింపడం, మొక్కల పేర్లు పెద్దవాళ్లను అడిగి రాసుకురావడం, లెక్క రాయడం, అన్నీ గంటలే. మూడు కాలాల్లోనూ గుట్ట మీద కనిపించినవాళ్లకే సర్టిఫికెట్ అన్న ఒక్క షరతు పెట్టండి: వానాకాలం, చలికాలం, ఎండాకాలం. ఏడు రోజుల స్పెషల్ క్యాంపును వేరే ఊరికి తీసుకెళ్లకుండా చలికాలంలో ఈ గుట్ట కిందే పెట్టుకోగలిగితే, తుమ్మ మొద్దులు తీయడం, వాలుకు అడ్డంగా కందకాలు తవ్వడం లాంటి బరువు పనులు అందులో అయిపోతాయి.

ఆదివారం హాజరు అక్టోబరు నుంచి పడిపోయిందా అని ఒకసారి చూడండి. అది పత్తి ఏరే కాలం. మీ పిల్లల్లో కొందరు అమ్మానాన్నలతో చేలోకో, కూలికో వెళ్తుంటారు. ఇంకొందరు పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్ పనికి వెళ్తారు. వాళ్లకు ఇష్టం లేదని అనుకోకండి. ఆ మూడు నెలలూ వారం వారం పిలవకుండా నెలకు ఒక్కసారి పెట్టుకోండి. కాలేజీ అయ్యాక గంటసేపు నర్సరీ పని ఆదివారం రాలేనివాళ్లకు వదలండి. సెమిస్టర్ పరీక్షల రెండు వారాలు పూర్తిగా సెలవు ఇవ్వండి, ముందే క్యాలెండర్‌లో రాసి పెట్టండి.

అమ్మాయిలు మానేయడానికి కారణాలు వాళ్లనే అడగాలి. అదీ ఒక మహిళా లెక్చరర్‌గా మీరే విడిగా కూర్చుని అడగాలి. నేను చాలాచోట్ల చూసిన మొదటి కారణం బాత్రూమ్. మూడు గంటలు గుట్ట మీద ఉండాలంటే నీళ్లు తాగకుండా వస్తారు, కళ్లు తిరుగుతాయి, రెండోసారి రారు. గుట్ట కింద దగ్గర్లో ఉన్న స్కూలుతోనో, గుడి వాళ్లతోనో మాట్లాడి ఒక బాత్రూమ్ తాళం చేతిలో పెట్టుకోండి. నెలసరి రోజుల్లో అడగకుండానే నర్సరీ పని ఎంచుకునే వీలుండాలి. తర్వాత, తిరిగి ఇల్లు చేరడం. పని ఎన్నింటికి అయిపోతుందో తల్లిదండ్రులకు ముందే చెప్పి, ఆ టైముకు కచ్చితంగా ఆపేయాలి. "ఇంకో అరగంటలో అయిపోతుంది" అనకూడదు. వేసవిలో పొద్దున ఆరు నుంచి తొమ్మిది. ఏడాదికి ఒక్కసారైనా తల్లిదండ్రులను గుట్ట మీదికి పిలవండి. తమ కూతురు ఇరవై మొక్కల పేర్లు చెప్తుంటే విన్న తండ్రి వచ్చే ఆదివారం తనే దింపి వెళ్తాడు.

ఆ ఇద్దరు అబ్బాయిల విషయం. రాజీ చేయాలని కూర్చోబెట్టకండి, మొత్తం గుట్టకు లీడర్ అన్న పదవినే తీసేయండి. జట్టుకు ఒక బాధ్యుడో బాధ్యురాలో ఉంటారు, నాలుగు నెలలకొకసారి మారతారు. గొడవపడుతున్నవాళ్లలో చొరవ ఉంది, అందుకే గొడవ. ఒకరికి నర్సరీ, ఒకరికి అగ్గి కాపలా పూర్తిగా అప్పగించండి. ఒకరి పని ఇంకొకరి మీద ఆధారపడకుండా చూడండి. డిగ్రీ మూడేళ్లే కాబట్టి ఏటా మూడో వంతు మంది వెళ్లిపోతారని గుర్తుంచుకుని, జట్టులో ఫస్టియర్ వాళ్లు ఇద్దరైనా ఉండాలన్న నియమం పెట్టండి. జట్టుకో పుస్తకం ఉండాలి. ఎక్కడ ఏముంది, ఏం చేశాం, ఏమైంది అన్నది అందులో రాయాలి. వాట్సాప్ గ్రూపులో రాసింది రెండు నెలలకు ఎవరికీ దొరకదు.

పాములూ ఎండా గురించి క్లుప్తంగా. ప్యాంటు, బూట్లు లేకుండా ఎవరూ కంపలోకి వెళ్లకూడదు. చేయి పెట్టేముందు కర్రతో కదపాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ మన గుట్టల్లో ఉంటాయి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం చేయకుండా, కాలో చేయో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి 108లో తీసుకెళ్లాలి. ఆ మందు ఏ ఆసుపత్రిలో ఉందో ముందే కనుక్కుని రాసిపెట్టుకోండి. పద్దెనిమిది దాటనివాళ్లకు గొడ్డలి, కత్తి ఇవ్వకండి, తల్లిదండ్రుల సంతకం లేకుండా రానివ్వకండి. తేనెపట్టు ఉన్న బండ వైపు జట్టును పంపకండి. అనుమతుల విషయంలో పంచాయతీ తీర్మానం ఒక్కటీ చాలదు. రెవెన్యూ భూమి అయితే తహసీల్దార్ నుంచి కాగితం తీసుకోండి. గుట్టలో ఏ కొంచెమైనా రిజర్వు ఫారెస్టుకు తగులుతుంటే రేంజ్ ఆఫీసర్ నుంచి రాతపూర్వకంగా అనుమతి కావాలి. చెట్లు కొట్టాలంటే నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం కింద అనుమతి చూసుకోవాలి.

విత్తనాల పని మీకు బోటనీ క్లాసు కూడా అవుతుంది, అందుకే దీనిమీద కొంచెం ఎక్కువ చెప్తాను. నర్సరీ వాళ్లు ఏదిస్తే అది తెచ్చుకోవడం ఆపేయండి. గుల్‌మొహర్ మడగాస్కర్ చెట్టు. కోనోకార్పస్ మన నేలదే కాదు. దానివల్ల ఎలర్జీలు వస్తున్నాయన్న ఫిర్యాదులతో మన దగ్గరే నాటడం మానుకున్నారు. సీతాఫలం కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. పిల్లలు తింటారు కాబట్టి ఉన్నది ఉండనివ్వండి, కొత్తగా నాటవద్దు. మీ గుట్ట చుట్టూ పది పదిహేను కిలోమీటర్లలో మిగిలిన చెట్ల నుంచే గింజలు తెచ్చుకోండి. తంగేడు గింజలు చలికాలంలో ఎండుతాయి. రేల కాయలు వేసవి మొదట్లో దొరుకుతాయి. ఈ రెంటి గింజల పైపొర గట్టిది కాబట్టి, మరిగించి దింపిన నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వాలి. మోదుగ కాయలు మేలో రాలతాయి, వాన మొదలవగానే వేసేయవచ్చు. వేప గింజ, ఇప్ప గింజ రాలిన రెండు మూడు వారాల్లో వేయకపోతే మొలకెత్తే శక్తి పోతుంది, డబ్బాలో దాచుకునే రకం కాదు. అంకుడు, పొణికి దొరికితే వదలకండి. అంకుడుతోనే ఏటికొప్పాక బొమ్మలు చేస్తారు, పొణికితో నిర్మల్ బొమ్మలు. ఈ ముక్క చెప్తే పిల్లలు ఆ చెట్టు కోసం ఊరంతా వెతుకుతారు. కవరులో ఏడాది దాటి ఉంచకండి, అడుగున వేరు చుట్టలు తిరుగుతుంది. ఎత్తైన మొక్క చూడటానికి బాగుంటుంది కానీ, రాతినేలలో జానెడు మొక్క మంచి వేరుతో దిగితేనే నిలబడుతుంది. నాటేటప్పుడు కలివి, రేగు ముళ్ల పొదల చాటున నాటండి. నీడా దొరుకుతుంది, మేక మూతీ అందదు.

బతుకమ్మ పండుగను వదులుకోకండి. తంగేడు, గునుగు కోసం ఇప్పుడు పట్టణం వాళ్లు మార్కెట్‌కు వెళ్తున్నారు. మీ ఎకరంలో ఒక జట్టు నాలుగు గుంటలూ తంగేడు, గునుగుకే ఇస్తే, రెండేళ్లలో కాలేజీ బతుకమ్మకు పూలు గుట్ట మీదినుంచే వస్తాయి. కొమ్మలు విరవకుండా పూలు మాత్రమే కోసి, మూడో వంతు గింజకు వదిలేయాలన్న నియమం అమ్మాయిలే పెట్టుకోగలరు. జమ్మి కూడా నాటండి. దసరాకు కొమ్మలు విరిచేవాళ్లే తప్ప నాటేవాళ్లు తక్కువ.

నీళ్ల లెక్క పిల్లల చేతే వేయించండి. ఎకరానికి 250 మొక్కలకు మించి వద్దు, అంటే జట్టుకు 25. మిగతా ఖాళీని పిలకలు, గడ్డి నింపుతాయి. ఫిబ్రవరి నుంచి జూన్ వానల దాకా పది రోజులకొకసారి మొక్కకు ఐదు లీటర్లు పోస్తే ఒక్కో విడతకు 1,250 లీటర్లు, మొత్తం పన్నెండు విడతలు. యాభై మంది తలా ఐదు డబ్బాలు మోస్తే ఒక పూట పని. అదే వెయ్యి మొక్కలైతే ప్రతి పది రోజులకూ 5,000 లీటర్ల ట్యాంకరు నిండా నీళ్లు గుట్ట ఎక్కాలి. కాలేజీకి వేసవి సెలవులిచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అందుకే ఊళ్లోనే ఉండే పిల్లలు జట్టుకు ఇద్దరైనా ఉండేలా మొదట్లోనే చూసుకోండి. గుట్ట పక్కనే ఇల్లున్న ఒక మనిషికి మార్చి నుంచి జూన్ దాకా జీతం ఇచ్చి కాపలా పెట్టండి. మీ జిల్లాలోనే పిల్లలమర్రిని చూడండి. 2018లో చెదలు పట్టి కూలుతున్న ఆ మర్రికి సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కించారు, ఊడలకు ఆసరాలు కట్టారు. అంత పెద్ద చెట్టుకే అంత సేవ కావాల్సి వచ్చింది.

అగ్గి కాపలా ఈ నెల నుంచే మొదలవ్వాలి. కొత్త గడ్డి వస్తుందని మేత కోసం, లేత ఆకు వస్తుందని బీడీ ఆకు కోసం ఎండుగడ్డికి నిప్పు పెట్టడం మన ప్రాంతంలో ఉన్నదే. మీ ఎకరం చుట్టూ పది అడుగుల వెడల్పున గడ్డి చెక్కి పెట్టండి.

గొర్రెల కాపరులతో తగువు పడకండి. కంచె వేయడానికి ముందే వాళ్ల పెద్దలను కలవండి. మందలు నీళ్లకు ఏ దారిన వెళ్తాయో అడిగి, ఆ దారిని వదిలి ఎకరాన్ని ఎంచుకోండి. మూడేళ్లు ఈ ఎకరంలో మేపవద్దని అడగండి. బదులుగా నవంబరు, డిసెంబరులో అందులో పెరిగిన గడ్డిని కోసుకుపోయే హక్కు వాళ్లకే ఇస్తామని తీర్మానంలో రాయించండి. కల్పవల్లి చుట్టుపక్కల ఊళ్లు అడవిని కాపాడుకోవడానికి గడ్డి పెద్ద కారణం. ఇంకో మాట. మీ గుట్ట మీది మొక్కల పేర్లు, ఏది ఎప్పుడు కాస్తుంది, ఏది మేక ముట్టదు అన్నది మీ కాలేజీ మొత్తంలో ఎవరికంటే కూడా వాళ్లకు బాగా తెలుసు. ఒక పెద్దమనిషిని పిలిచి, కుర్చీ వేసి, శాలువా కప్పి పిల్లలకు పాఠం చెప్పించండి. ఆ తర్వాత మంద ఎటు తిరగాలో ఆయనే చూసుకుంటాడు.

నాటినవి ఎన్ని అన్న అంకె మీ బోర్డు మీద నుంచి తీసేయండి. అక్టోబరులో, ఫిబ్రవరిలో, జూన్ మొదట్లో ప్రతి జట్టూ తన నాలుగు గుంటల్లో బతికున్నవి లెక్కపెట్టి, ఆ మూడు అంకెలే రాయాలి. ఒక బండ మీద నిలబడి ఒకే దిక్కుకు ఆ మూడు రోజుల్లోనూ ఫొటో తీయాలి. ఏదైనా జట్టులో సగం చచ్చిపోతే తిట్టకుండా, ఎందుకు పోయాయో కనుక్కుని మిగతా జట్లకు చెప్పే పని వాళ్లకే ఇవ్వండి.

ఆ కంపెనీకి వెయ్యి మొక్కలు వద్దని చెప్పండి, మనుషులను వద్దనకండి. గురుగ్రామ్‌లో ఒకప్పుడు గనులు తవ్వి వదిలేసిన దాదాపు 390 ఎకరాల్లో 2010 నుంచి అక్కడి పౌరులు ఆరావళి బయోడైవర్సిటీ పార్కును పెంచారు. కంపెనీలూ స్కూళ్లూ అందులో చేయి కలిపాయి. అయితే ఏం నాటాలి, ఎక్కడ నాటాలి అన్నది పని తెలిసినవాళ్లే తేల్చారు, మొక్కలు సొంత నర్సరీ నుంచి ఆరావళి జాతులవే తెచ్చారు. మీరూ అలాగే రాయండి. ఒక రోజుకు ముప్పై మందికి మించి రావద్దు, ప్రతి ఐదారుగురికి మా విద్యార్థి ఒకరు పని చూపిస్తారు. జూలై ఒక్కటే కాదు, నవంబరులో గింజలు ఏరడానికి, జనవరిలో తుమ్మ మొద్దులు తీయడానికి, మార్చిలో నీళ్లు మోయడానికి కూడా రావాలి. డబ్బు మొక్కలకు కాదు, కాపలా మనిషి మూడేళ్ల జీతానికి, తోలు గ్లవుజులకు, గడ్డపారలకు, నీళ్ల ట్యాంకుకు ఇవ్వాలి. బతికినవి ఎన్ని అన్నది ఏటా జూన్‌లో మేమే రిపోర్టు పంపుతాం. దీనికి వాళ్లు ఒప్పుకోకపోతే మర్యాదగా కాదనండి. ఆ డబ్బు లేకపోయినా ఒక ఎకరం పని ఆగదు.

మీ నిద్ర సంగతి కూడా చెప్పాలి. ఈ పనంతా మీ ఒక్కరి ఫోన్ మీద నడుస్తోంది. తాళాలు, హాజరు, పనిముట్లు, అనుమతి కాగితాలు నాలుగూ నలుగురికి పంచండి. స్టాఫ్‌లో ఒక్కరినైనా, ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న పాత విద్యార్థులు ఇద్దరినైనా కలుపుకోండి. నెలలో ఒక ఆదివారం మీరు వెళ్లకుండానే పని జరగాలి. ఇప్పుడు వస్తున్న ఎనిమిది మందీ పిలవకపోయినా వస్తున్నవాళ్లు. మొదటి జట్లకు బాధ్యులు వాళ్లే. ఈ వారమే వాళ్లను కూర్చోబెట్టి, ఏ ఎకరం ఎంచుకోవాలో వాళ్ల చేతే తేల్పించండి. మోదుగ పిలకలు ఎక్కడున్నాయో రాసుకున్న జాబితా, ఆ ఎకరం ఫొటోలు నాకు పంపితే, వానలకు ముందు అందులో ఏ గింజలు వేయాలో, ఏవి అక్కర్లేదో చూసి రాస్తాను.